వాచీ తగిలించని రోజు

వదినకు నమస్కారాలు.

ఇక్కడ అమ్మా నేనూ తింటున్నాం, తిరుగుతున్నాం. దాన్నే క్షేమం అనుకోండి. అక్కడ మీరూ పాపా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మీరు అడిగిన కోర్టు కాగితం నిన్న తీసుకున్నాను. అన్నయ్య మరణ పత్రం చూసి, “ముద్దాయి మరణించినందున కేసు మూసివేయడమైనది” అని ఒక్క వాక్యం రాశారు. ‘నిర్దోషి అని రాశారా? మా నాన్నకు చూపించాలి’ అని అడిగారు మీరు. రాయలేదు వదినా. వకీలు గారిని నిలదీశాను.

“పోయినవాడి మీద విచారణ ఉండదయ్యా. తప్పు చేశాడనీ అనరు, చెయ్యలేదనీ అనరు. ఫైలు కట్టేస్తారంతే. నీకెందుకంత కంగారు?” అన్నాడాయన.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి మణికట్టు మీదికి పోయింది. అన్నయ్య వాచీ ఇప్పుడు నేనే పెట్టుకుంటున్నాను.

అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గలేదు. అన్నయ్య పనిముట్ల సంచిని ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు. మెట్ల మీద బూట్ల చప్పుడైతే చాలు, నేను లేచి తలుపు గడియ వేస్తున్నాను.

ఇక చెప్పేస్తాను. లిఫ్టు బాగుచేసేటప్పుడు, తలుపు తెరిచి ఉన్నా అది కదిలేలా లోపల చిన్న తీగ ఒకటి కలుపుతాం. పని కాగానే తీసెయ్యాలి. మరిచిపోకుండా అన్నయ్య ఒక పద్ధతి పెట్టాడు. తీగ కలిపినవాడు తన వాచీ విప్పి ఆ పక్కనే తగిలించాలి. బోసి చెయ్యి చూసుకుంటే తీగ గుర్తొస్తుంది. “నీ తలకాయ ఊడొచ్చేదైతే దాన్నీ ఇంట్లో మరిచొస్తావురా” అని నన్ను ఆటపట్టించేవాడు.

ఆ ప్రమాదం రోజున నా వాచీ రిపేరులో ఉంది. తీగ కలిపింది నేను, వదిలేసి వచ్చిందీ నేనే. మూడో అంతస్తులో తలుపు తెరిచి ఉండగానే లిఫ్టు పైకి పోయింది. అక్కడే ఉందనుకుని అడుగేసి పడింది ఆ టైలరమ్మ. కాలు తీసేశారు. పని పూర్తయిందని రిజిస్టరులో సంతకం మాత్రం పెద్దవాడిగా అన్నయ్యది. పోలీసులు వచ్చినప్పుడు నా చెయ్యి నొక్కి, “నువ్వు నోరెత్తకు. కోర్టులో నేను చూసుకుంటా” అన్నాడు. కుక్కిన పేనులా ఉండిపోయాను. విచారణ రోజున లేచి చెప్పేద్దామనుకున్నాను. ఆ రోజు రాకముందే అన్నయ్య గుండె ఆగిపోయింది.

భయంగా ఉంది వదినా. జైలంటే భయం. మీరు ఇది చదువుతారంటే అంతకన్నా భయం. నా మాట మీద నాకే నమ్మకం లేదు. అందుకే ఇదే ఉత్తరం ఇంకోటి రాసి, పొద్దున పోలీసుస్టేషన్లో ఇచ్చి వచ్చాను. రేపు పదింటికి రమ్మన్నారు.

వాచీ దీంతో పంపుతున్నాను. మీ నాన్నగారికి కోర్టు కాగితం చూపించకండి. ఈ ఉత్తరం చూపించండి.

ఇట్లు,
మరిది అని మీరింకా అంటే,
మీ మరిది