బొల్లిదాని కోసం కొన్న ట్యాబ్

నాయనా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మంద ఇప్పుడు నేనే చూసుకుంటున్నాను. నీ ట్యాబ్‌కు చార్జింగ్ నిలవడం లేదని మొన్న కొత్తది కొనడానికి ఆత్మకూరు వెళ్లాను. షాపతను రెండు కంపెనీలవి నా ముందు పెట్టాడు. ఒకదాంట్లో బొమ్మ అద్దంలా ఉంది, నా మనసంతా దాని మీదే. అయినా, రాయడం రాని నువ్వు ఒక్కో గొర్రె ఫొటో కింద చెప్పి దాచుకున్న మాటలు పాత ట్యాబ్‌లో వినిపించి, ఇవి ఇందులోకి వస్తాయా అని అడిగాను.

"ఫొటోలు వస్తాయక్కా, మాటలు రావు. ఆ యాప్ దీంట్లో లేదు," అన్నాడు.

"అయితే నాకెందుకది? పాత కంపెనీదే ఇయ్యి," అన్నాను. నీ మొండితనమే నాకూ వచ్చిందనుకో.

ఇంటికొచ్చాక, అన్నీ ఎక్కాయో లేదో చూద్దామని గొర్రెల దొడ్లో నిలబడి ఒక ఫొటో నొక్కాను.

"దా బొల్లీ, దా! ఇది ఉదయగిరిలో కొన్నది. తొలి ఈతకే రెండు పిల్లల్ని ఈనినాది," అన్నావు.

మూలన పడుకున్న బొల్లిది లేచింది. నన్ను దాటిపోయి, దొడ్డి తలుపు దగ్గర నిలబడి దారి వైపు చూసింది.

ఇంకోసారి నొక్కడానికి నాకు చేతులు రాలేదు.