ఆగిపోయిన చివరి మాట

అక్కా,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. రెంటచింతల ఎండకు భయపడి నీ కోడలి సీమంతానికి రాలేదని నువ్వు నాతో మాట్లాడడం మానేశావు. చివరి రోజున నేను మంచం పక్కన కూర్చుంటే నా చెయ్యి పట్టుకుని, "నీ మీద నాకు కోపం..." అన్నావు. అక్కడితో ఊపిరి ఆగిపోయింది. ఉంది అనబోయావో, లేదు అనబోయావో తెలియక ఏడాదిగా నాకు అన్నం సయించడం లేదు.

నా మనవరాలు సుజాత కాలేజీలో భాషల గురించి చదువుతోంది. నిన్న సెలవులకు వస్తే దాన్నే అడిగాను. కాగితం మీద చెట్టులా గీతలు గీసి నీ మాటలను కొమ్మలకు తగిలించింది.

"వాక్యమంటే పూసల దండ కాదమ్మమ్మా. మాటలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. అన్నిటికీ పెద్ద ఈ ఉంది, లేదు అనే మాట. ఇంగ్లీషోళ్లకి ఆ పెద్ద ముందే వచ్చుద్ది, మనకి చివర్లో వచ్చుద్ది. చెట్టు ఒకటే, వరసే వేరు."

"అయితే అక్క ఇంగ్లీషులో చెప్పుంటే నాకు తెలిసేదంటావా?"

"తెలిసేది. ఇప్పుడా చోటు ఖాళీయే. నువ్వు దిగులు పడతానే ఉండు, నీకదే పనాయె."

నేనూ మాట సగంలో పోతే ఎట్లా అని భయం పట్టుకుంది. పొద్దుటి నుంచి పెద్ద మాటను ముందే చెబుతున్నాను. "తిన్నానే అన్నం. లేదే నొప్పి."

"ఏందమ్మమ్మా, తిరగేసి మాట్లాడతన్నావ్?" అని సుజాత నవ్వుతోంది.

మన భాషలో తిరగేసినా అర్థం చెడదట.

ఉంది అక్కా, నాకు నీ మీద బెంగ.