దారి వైపు, గోడ వైపు

మార్చి 24, సోమవారం

పాస్టరుగారి ఫోను. సమాధుల తోటకి ఈస్టరు ముందు సున్నం వేయిస్తారట. "మాస్టారూ, పేర్లు మీ చేత్తోనే అండి. సాల్మన్ గారిది మాత్రం ఇంకొంచెం పెద్దక్షరాలు..."

నా చేత్తోనే. ఇరవై ఏళ్ళు దాటింది. ఏటా ఈస్టరుకి ముందు సిలువలన్నిటికీ సున్నం కొట్టేయడం, పాత పేర్లు మునిగిపోవడం, వాటి మీద మళ్ళీ నేను నల్ల పెయింటుతో రాయడం. రిటైరైన డ్రాయింగు మాస్టారికి రేపల్లెలో మిగిలిన మర్యాద ఇదొక్కటే. బతికున్నవాళ్ళెవరూ నా చేత ఏమీ రాయించుకోరు.

హార్మోనియం సాల్మన్ గారి సమాధి మీద పాలరాతి మండపం కడతారట. తెనాలి కళాకారుల సంఘం వాళ్ళు. ఈస్టరు మర్నాడు పని మొదలు. మంచిదే. జిల్లాలో ఏ నాటకం ఆడినా ఆయన వేళ్ళు పడితేనే పద్యం లేచేదని చెప్పుకునేవారు.

మార్చి 27, గురువారం

సంఘం సెక్రటరీ శేషగిరిరావు గారు తెనాలి నుంచి రైల్లో వచ్చారు. తెల్ల లాల్చీ, చేతిలో కవరు. మంచి మనిషి. "మా నాన్న సాల్మన్ గారి హార్మోనీ వినడానికి అమృతలూరు దాకా బండి కట్టించేవారండి" అంటూ కళ్ళు తుడుచుకున్నారు. దయామణి రెండోసారి కాఫీ ఇచ్చింది. నా భార్య రెండో కాఫీ ఇచ్చిందంటే మనిషి నచ్చినట్టే.

కవరులో ఫొటో. సాల్మన్ గారిని పూడ్చిన రోజుది. పెట్టె చుట్టూ నటులు, నోళ్ళు తెరిచి పద్యం పాడుతున్నారు. ఒకాయన అలిసిపోయి వెనక గోడకి జారబడ్డాడు.

గోడకి.

"ఈ ఫొటో పాలరాతి మీద చెక్కిస్తున్నామండి" అన్నారు. బాగుంటుందండీ అన్నాను. అన్నది నేనేనా?

మార్చి 28, శుక్రవారం

భూతద్దం పెట్టి చూశాను. గోడే. పెట్టెకీ గోడకీ మధ్య ఇంకో సమాధి పట్టేంత చోటు లేదు.

మార్చి 29, శనివారం

కాగితం మీద పెడితేగానీ ఊపిరాడదు.

మొదటి వరసలో చివర రెండు సమాధులు పక్కపక్కనే. ఒకటి దారి వైపు, ఒకటి గోడ వైపు. దారి వైపు సిలువ మీద సాల్మన్ గారి పేరు. గోడ వైపు దాని మీద ఎస్తేరమ్మ పేరు. రెండూ నేను రాసినవే.

అప్పట్లో ఆ రెండూ మట్టి దిబ్బలు. చెక్క సిలువలు. తుఫాను వచ్చింది, గోడ కూలింది, సిలువలు నీళ్ళలో కొట్టుకుపోయాయి. నీళ్ళు తీశాక గుడి సంఘం సిమెంటు సిలువలు పోయించి, పేర్లు రాయమని నన్ను పిలిచింది. మిగతావన్నీ వాళ్ళవాళ్ళు వచ్చి చూపించారు. ఈ రెంటి దగ్గరా ఎవరూ లేరు. ఒకటి సాల్మన్ గారిదని తెలుసు, ఒకటి ఎస్తేరమ్మదని తెలుసు. ఏది ఎవరిదో తెలియదు. అడగాలి కదా. అడగలేదు. అంత పేరున్న మనిషిని దారి పక్కనే పెట్టి ఉంటారు, కూలికి పోయే ఆవిడ గోడ పక్కన ఉంటుంది — అనుకున్నాను. అనుకున్నది రాశాను. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయన్నారు అందరూ. పొంగిపోయాను.

ఇన్నేళ్ళూ ఏటా అదే అబద్ధం మీద కొత్త పెయింటు వేస్తూ వచ్చాను. థూ.

ఏప్రిల్ 2, బుధవారం

తోటకి వెళ్ళి అడుగులు కొలిచాను. మండపానికి ఒక సమాధి చోటు చాలదు. గోడ వైపు దాన్ని తీసేస్తారట. మేస్త్రీ ముగ్గుతో గీతలు కూడా వేసి వెళ్ళాడు. నాలుగు స్తంభాలు, నాలుగడుగుల గుంటలు. అందులో రెండు సరిగ్గా గోడ వైపు దిబ్బలోకే.

అంటే సాల్మన్ గారి పేరున మండపం కట్టడానికి సాల్మన్ గారినే తవ్వేస్తారు.

నవ్వొచ్చింది. తర్వాత అక్కడే కూర్చుండిపోయాను.

ఏప్రిల్ 4, శుక్రవారం

సాయంత్రం గుళ్ళో శ్రమకాల ధ్యానం, ఈస్టరు ముందు నలభై రోజుల ప్రార్థన, అయ్యాక పాస్టరుగారి వెనకాలే నడిచాను.

"అయ్యగారూ, ఒక్క మాటండి..."

"చెప్పండి మాస్టారూ. ఆ, అన్నట్టు టీవీ వాళ్ళు కూడా వస్తున్నారట. పెయింటు మంచిది కొనండి."

కొంటానండి అన్నాను.  ఇంటికొచ్చి దయామణి మీద అరిచాను, చారులో ఉప్పు లేదని. ఉప్పు ఉంది.

ఏప్రిల్ 6, ఆదివారం

ఆరాధన అయ్యాక కరుణమ్మను పిలిపించారు. ఎస్తేరమ్మ కూతురు. కొల్లిపరలో ఉంటుంది, అరటి తోటల్లో పని. ఏటా ఈస్టరుకి వాళ్ళమ్మ దగ్గర కొవ్వొత్తి వెలిగించి, నాకో అరటి హస్తం ఇచ్చి వెళుతుంది. "మా అమ్మ పేరు ఊరికే రాస్తారు, నేనేం ఇచ్చుకోగలను మాస్టారూ" అంటుంది ప్రతిసారీ. నేను ప్రతిసారీ తీసుకుంటాను.

గుడి కమిటీ కాగితం ముందు పెట్టింది. గోడ వైపు సమాధి తీసేసి, సిలువను కుళాయి దగ్గర మూలకి మార్చడానికి ఒప్పుకున్నట్టు. ఆమె కాగితం చదివింది. మళ్ళీ చదివింది.

"అమ్మని కదిలిస్తారా అండీ?"

"అమ్మని కాదమ్మా, సిలువని. పెద్దాయన కోసం..."

పెన్ను పట్టుకుని నా వైపు చూసింది. నాకు అందరికంటే ఎక్కువ తెలుసని ఆమె నమ్మకం. నేను తల వంచుకుని చెప్పుల పట్టీ సర్దుకున్నాను. ఆమె సంతకం పెట్టేసింది.

సంచీలోంచి అరటిపళ్ళు తీసి ఇచ్చింది. ఇవాళ కూడా.

ఏప్రిల్ 7, సోమవారం

అరటిపళ్ళు తినలేదు. దయామణి అడుగుతోంది, ఏంటి షుగరు పెరిగిందా అని.

ఏప్రిల్ 9, బుధవారం

బాపట్ల వెళ్ళొచ్చాను. తెనాలిలో రైలు మారి. రూతమ్మ గారి కోసం — సాల్మన్ గారి కూతురు. ఎనభై దాటాయి. మోకాళ్ళు పోయి అయిదేళ్ళుగా రేపల్లె రావడం లేదు. వరండాలో కుర్చీ, ఒళ్ళో పెద్దక్షరాల బైబిలు.

వందనాలండీ అని కూర్చున్నాను. నీళ్ళు తాగాను. ఎండల సంగతి మాట్లాడాను. ఆవిడే అంది —

"గోడ సంగతేగా బాబూ, నువ్వొచ్చింది?"

గ్లాసు కింద పెట్టాను.

"నాకు మొదటి ఈస్టరుకే తెలిసింది. నాన్నని గోడ పక్కనే పెట్టారు. నాటకాలోడు, రాత్రిళ్ళు ఊళ్ళమ్మట తిరిగినోడు, దారి పక్కన చోటెందుకు అన్నారు అప్పటి పెద్దలు. పద్యాలు పాడుతుంటే అప్పటి అయ్యగారు గేటు బయటికెళ్ళి నిలబడ్డారు."

మరి ఎస్తేరమ్మ?

"ఆవిడ ముప్పై ఏళ్ళు గుడి ఊడ్చింది. అందరూ ఒకే మాట మీద ఆవిడకి దారి పక్కన ఇచ్చారు. వచ్చేపోయే వాళ్ళకి కనపడాలని."

అంటే పెద్దలు ఆవిడకిచ్చిన చోటు. నేను బ్రష్షుతో లాగేసుకున్నాను.

ఎందుకు చెప్పలేదండీ అని అడిగాను. నిజానికి గట్టిగానే అడిగాను, తప్పు ఆవిడదైనట్టు. ఆవిడ కోప్పడలేదు.

"దారి పక్కన నాన్న పేరు చూశాను. బతికుండగా ఇవ్వని మర్యాద ఇప్పటికైనా ఇచ్చారనిపించింది. సంతోషపడ్డాను. అది నా తప్పు. అందుకే ఏటా రెంటి మీదా పూలు పెట్టేదాన్ని."

గుర్తుంది. ఆవిడ రెండో సమాధి మీద కూడా పూలు పెడుతుంటే, ఎంత పెద్ద మనసో అనుకునేవాణ్ణి.

ఇప్పుడేం చేయమంటారు అన్నాను. చెబితే మండపం గోడ వైపుకి మారుతుంది, ఎస్తేరమ్మ ఎముకలున్న దారి వైపుది తీసేస్తామంటారు. చెప్పకపోతే మీ నాన్నగారిని తవ్వుతారు. ఎటు చూసినా ఒకళ్ళకి అన్యాయం.

"నేను నోరు తెరవను బాబూ, నాకిక ఓపిక లేదు. నువ్వు తెరిస్తే కాదనను." బైబిలు మూసి — "ఎస్తేరమ్మ పిల్లకి చెప్పావా?"

లేదండి.

"నాకెందుకు చెప్పావు మరి ముందు?"

చెప్పులేసుకుని లేచాను. తిరుగు రైల్లో కూడా అదే ప్రశ్న.

ఏప్రిల్ 10, గురువారం

పెద్దవాళ్ళింటికి ముందు వెళ్ళాను. సిలువల దగ్గర చేసిందే మళ్ళీ చేశాను.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

పిల్లలు మట్టలు ఊపుతూ పాడుతుంటే నాకు మండపం గుంటలే కనిపించాయి. శేషగిరిరావు గారి ఫోను: రాయి దిగిందట, పేరు చెక్కడం అయిపోయిందట. "మీ అక్షరాలే నమూనా ఇచ్చామండి మాస్టారూ!" ఎంత సంబరమో ఆయనకి. చెప్పబోయాను... "అండీ, ఒక సందేహం..." అన్నాను. లైను సరిగా లేదు. ఉన్నా చెప్పేవాణ్ణి కాదేమో.

ఏప్రిల్ 16, బుధవారం

సున్నం వేయడం అయిపోయింది. శనివారం పేర్లు.

ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే

మూడు గంటలు గుళ్ళో. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ధ్యానం. యేసుని సిలువకి అప్పగించి పిలాతు చేతులు కడుక్కున్నాడని పాస్టరుగారు అన్నప్పుడు నా చేతులు నేనే చూసుకున్నాను. గోళ్ళలో పాత పెయింటు, ఎన్నేళ్ళదో.

ఏప్రిల్ 19, శనివారం

పొద్దున్నే వెళ్ళాను. తోటంతా తెల్లగా, పేరు లేకుండా. ఏడాదికి ఈ మూణ్ణాలుగు రోజులే ఇలా ఉంటుంది. అక్కడ ఎవరు గొప్పో ఎవరు కాదో నా బ్రష్షు చెప్పేదాకా తెలియదు.

చివరి వరస నుంచి మొదలుపెట్టాను. కావాలనే. పన్నెండింటికి మొదటి వరసకి వచ్చాను. ఆ రెండూ మిగిలాయి.

కరుణమ్మ గేటు తీసుకుని వచ్చింది. రేపటి ఆరాధనకని ముందురోజే వచ్చిందట, చెల్లెలింట్లో దిగింది. చేతిలో బంతిపూల సంచి. గోడ వైపు దిబ్బ దగ్గర కూర్చుని పూలు పెట్టింది, ముగ్గు గీతల మధ్యలో.

"ఇక్కడ ఇదే ఆఖరుసారి కదండీ. అమ్మ పేరు కొంచెం పెద్దగా రాయండి మాస్టారూ. రెండ్రోజులేగా."

చెప్పేశాను. నిలబడే చెప్పాను, బ్రష్షు చేతిలో ఉండగానే. తుఫాను, సిలువలు, నేను అనుకున్నది, ఫొటో, రూతమ్మ గారు, గుడి ఊడ్చినందుకు ఇచ్చిన చోటు. పెయింటు నా చెప్పు మీద కారుతోంది.

చివరిదాకా వింది. తర్వాత లేచి, గోడ వైపు పెట్టిన పూలకేసి చూసింది.

"తుఫాను తర్వాత వచ్చినప్పుడు నాకనిపించింది. అమ్మది దారి పక్కన కదా అని. మాస్టారు రాశారు గదా, నేనే మర్చిపోయుంటానని..." సిలువ మీద చెయ్యి పెట్టింది. "మరి ఇన్నేళ్ళూ నేను ఎవరి దగ్గర ఏడ్చానండీ?"

క్షమించమ్మా అన్నాను. చిన్న మాట. అంతకంటే పెద్దది తెలుగులో నాకు రాదు.

చెబితే దారి వైపుది తీసేస్తామంటారు, చెప్పకపోతే అమ్మ పాలరాయి కింద కదలకుండా ఉంటుంది — అని కూడా చెప్పాను. ఏది మేలో నువ్వే చెప్పమన్నాను.

"ఆ పాలరాయి మీద మా అమ్మ పేరు ఉంటదా?"

ఉండదు.

"అయితే నాకెందుకది? గుడి ఊడ్చినందుకు ఇచ్చిన చోటని మీరేగా అన్నారు. తీసేస్తామని నా మొహం చూసి చెప్పమనండి." కళ్ళు తుడుచుకుంది. "ఈ సంగతి ఎంతమందికి తెలుసండీ?"

నాకు. రూతమ్మ గారికి. ఇప్పుడు నీకు.

"అంటే ఆఖర్న నాకు."

అవునమ్మా అన్నాను.

రాయడానికి బ్రష్షు ముంచాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఇన్నేళ్ళలో ఎన్నడూ నా ముందు గట్టిగా మాట్లాడని మనిషి.

"ఇప్పుడొద్దండి. ఇప్పుడు రాస్తే ఎవరు చూస్తారు? రేపు కొవ్వొత్తులతో అందరూ వస్తారు. పాస్టరుగారు, కమిటీ, తెనాలి వాళ్ళు. అప్పుడు రాయండి. ఎందుకు మార్చారో చెప్పి రాయండి."

పూలన్నీ తీసి సంచిలో వేసుకుంది. ఏ సమాధి మీదా పెట్టలేదు. వెళ్ళిపోయింది. అరటిపళ్ళు ఇవ్వలేదు.

సాయంత్రం ఆరు. పాస్టరుగారు మూడుసార్లు ఫోను చేశారు — ఆ రెండూ ఎందుకు వదిలేశారు మాస్టారూ, పెయింటు అయిపోయిందా? పొద్దున్న చెబుతానండి అన్నాను. ఏంటి చెప్పేది అన్నారు. పెట్టేశాను.

తెల్లవారుజామున నాలుగున్నరకి ఆరాధన. దయామణి నా తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి కుర్చీకి తగిలించింది. దాని జేబులో బ్రష్షు పెట్టాను. తీశాను. మళ్ళీ పెట్టాను...