ఉప్పు మూట కాపడం

జనవరి 2016, మంగళవారం
కళింగపట్నం

ఇరవై మూడేళ్లకే ముసలిదానిలా మోకాళ్లు పట్టేస్తున్నాయి. చేపల ఐసులో చెయ్యి పెడితే చాలు, వేళ్లు సున్నంలా తెల్లబడి మొద్దుబారుతున్నాయి.

సాయంత్రం అమ్మ కల్లుప్పు వేయించి, గుడ్డలో మూట కట్టి మోకాళ్లకి కాపడం పెట్టింది. ఎన్నాళ్లకో ప్రాణం లేచొచ్చింది. తర్వాత ఆ మూటనే మళ్లీ వేడిచేసి నా వేళ్ల మీద ఉంచింది.

“కాల్తందేటే?”

“లేదమ్మా, ఇంకాసేపుంచు.”

నిజంగానే నాకు వేడి తెలియలేదు. మూట తీసి చూస్తే రెండు వేళ్లు బొబ్బలెక్కాయి.

“సెప్పొద్దేటే, మొండిదానా!” అని అమ్మ ఏడ్చింది. నేను పంతానికి ఓర్చుకున్నానని అనుకుంది. నేనూ అవుననేశాను. అలా అనుకుంటేనే అమ్మకి నిద్ర పడుతుంది.

ఇది రాస్తున్నది ఆ వేళ్లతోనే. ఇప్పటికీ మంట పుట్టలేదు.