దయ గడిలో సున్నా

అమ్మడూ,

నేను చెబుతుంటే మా శిశు కేంద్రం వంటావిడ రాస్తోంది. నా మాటను మెత్తబరచొద్దని ముందే చెప్పాను.

ముప్పై రెండేళ్ళుగా ఈ గేటు నాది. సాయంత్రం తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళ కార్డు చూసి, మొహం చూసి పిల్లల్ని అప్పగిస్తాను. ఒక్క పిల్ల తప్పు చేతిలో పడలేదు. సోమవారం నన్ను గేటు నుంచి తీసి బట్టలుతికే గదిలో పడేశారు. స్వభావ పరీక్షట. మనిషిని ఐదు గళ్ళలో పెట్టారు: కొత్తను ఒప్పుకోవడం, పని మీద శ్రద్ధ, నలుగురితో కలవడం, దయ, మనసు నిలకడ. నాకు శ్రద్ధలో పదికి పది. దయలో సున్నా.

నా జవాబులు నేనే చెప్పాను. ముంచింది అవి కాదట, రెండో కాగితం. నన్ను బాగా ఎరిగినవాళ్ళు ఒకరు నింపి, కవరు అంటించి పంపారట. పేరు చెప్పరు. 'ఎదుటివాళ్ళ బాధ చూసి కరుగుతుందా' అన్నదానికి 'ఎప్పుడూ కరగదు' అని ఉంది.

ఇది మీ పిన్ని పనే. నిన్న వెళ్ళి వాకిట్లోనే కడిగేశాను. "నాకేం తెలీదక్కా" అంటూనే మూడు గ్లాసుల నీళ్ళు తాగింది. ఉప్పు తిన్నది నీళ్ళు తాగక తప్పుతుందా?

ఇరవయ్యో తేదీన కమిటీ ముందు నా మాట చెప్పుకోవాలి. ఆలోపు దానిచేత నిజం కక్కించు.

నీ అమ్మ (వేలిముద్ర)

*

అమ్మా,

పిన్నిని ఏమీ అనొద్దు. ఆ కాగితం నింపింది నేను.

దయ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. ఒక సాయంత్రం గుర్తొచ్చింది. అప్పుడు నాకు ఆరేళ్ళు. ఆ కేంద్రంలోనే, కిటికీ దగ్గర నేను. గేటు బయట నాన్న. కమ్మీలు పట్టుకుని గంటసేపు ఏడ్చాడు. నువ్వు కదల్లేదు. ఆయన మళ్ళీ రాలేదు.

నిన్ను గేటు నుంచి తీసేస్తారని అనుకోలేదు. అడిగితే మార్చి రాసిస్తాను. కానీ అబద్ధం రాస్తున్నానని నాకు తెలుస్తూనే ఉంటుంది.

నీ కూతురు

*

నా తల్లీ,

వంటావిడ నీ ఉత్తరం రెండుసార్లు చదివింది. మూడోసారి నేనే వద్దన్నాను.

ఆ రోజు పొద్దున మీ నాన్న పెట్టె సర్దుకుంటూ అన్నాడు: "సాయంత్రం పిల్లను తీసుకుపోతున్నా. ఏ ఊరో కూడా నీకు తెలీనివ్వను." అన్నవాడే గేటు దగ్గర ఏడ్చాడు. దొంగ ఏడుపు కాదు. ఆయన చేతిలో కార్డు కూడా ఉంది. కార్డు ఉన్నవాడికి నేను గేటు తీయనిది ఆ ఒక్కరోజే. తాళంచెవి పిడికిట్లో ఉంది. విప్పితే ఎక్కడ గేటు తీసేస్తానో అని, ఆయన వెళ్ళేదాకా పిడికిలి విప్పలేదు. నువ్వు కిటికీలోంచి చూసింది నా వీపు.

ఆరేళ్ళ పిల్లకు ఏం చెప్పను? పెద్దయ్యాక నువ్వు అడగలేదు. ఊరందరి మీదా లేచే నా నోరు అక్కడ మాత్రం పెగల్లేదు.

మీ పిన్ని దగ్గరికి వెళ్ళి తప్పు నాదేనన్నాను. "కూర్చో, నీళ్ళు తాగు" అంది. తాగాను.

కాగితం మార్చొద్దు. కమిటీ ముందు కూడా అదే చెప్పాను. "కోపం నిజం. ఎవర్నీ నమ్మననడం నిజం. దయ సంగతి, ఆ సున్నా వేసినవాళ్ళూ నేనూ తేల్చుకుంటాం. గేటు దగ్గర మీకు నవ్వే మొహం కావాలా, కార్డు చూసే కళ్ళు కావాలా?" చాలాసేపు గుసగుసలాడుకున్నారు. నెల రోజులు చూస్తామంటూ తాళంచెవి చేతికిచ్చారు.

ఒకసారి రా. సాయంత్రం ఐదింటికి నా పక్కన నిలబడి, ఈసారి నా మొహం చూడు. నీ గుర్తింపు కార్డు తెచ్చుకో. కడుపున పుట్టినదానివైనా, కార్డు లేకపోతే గేటు తీయను.

నీ అమ్మ (వేలిముద్ర)