పన్నెండు సెకన్ల ఆర్గన్

మంగళవారం, ఫార్మింగ్టన్ హిల్స్

ఈ రెగె ఆల్బమ్‌కి వారం రోజులు కీబోర్డ్ వాయించడానికి నన్ను బుక్ చేశారు. ఇవాళ రెండో రోజే. కీబోర్డ్ మీద ఆర్గన్ వాయించడం మొదలుపెట్టి నిమిషం కాకముందే ప్రొడ్యూసర్ మార్కస్ చెయ్యెత్తి ఆపాడు. తప్పు వాయించానేమో అనుకున్నాను.

"అదిరింది బ్రదర్! ఈ పన్నెండు సెకన్లు చాలు. పాటంతా ఇదే కాపీ చేసేస్తా. మిగతా పాటలకి కూడా. రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

మెచ్చుకుంటూనే అన్నాడు. నేను థ్యాంక్స్ కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు.

డ్రైవ్ చేస్తున్నంతసేపూ కోపం వస్తుందేమోనని చూశాను. రాలేదు. రెడ్ లైట్ దగ్గర ఆగితే వేళ్లు మాత్రం స్టీరింగ్ మీద అదే వాయిస్తున్నాయి, దరువుకీ దరువుకీ మధ్య ఖాళీలో.

ఇంటికొచ్చాక, మార్కస్ పంపిన పాట అమ్మకి వినిపించాను. కళ్లు మూసుకుని వింది.

"ఇందులో నువ్వెక్కడరా?"

"మొత్తం నేనేనమ్మా."

"నువ్వు స్కూల్ మానేసినప్పుడు ఎంత ఏడ్చానో! బానే వాయిస్తున్నావ్ కదరా. రేపు కూడా లంచ్ బాక్స్ కట్టనా?"

"కట్టమ్మా" అన్నాను.

ఆ బాక్స్ రేపు ఏ పార్కింగ్ లాట్‌లో కూర్చుని తినాలో ఆలోచిస్తున్నాను.