గురువమ్మ వేలిముద్ర

ప్రధాన కార్యాలయం, బెంగళూరు

కోరమండల్ పట్టుదారం ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ మునిశంకర్ గారికి,

నమస్కారం. సర్కారు కాలం పోయింది, మనది ఇప్పుడు కంపెనీ. హాజరు, సెలవు, సరుకు అన్నీ కొత్త ఈఆర్పీ సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది. అందులో మీరు ఎక్కించిన గురువమ్మ ఒక్కరోజూ వేలిముద్ర వెయ్యలేదు. సెలవుకు కారణం ‘కీళ్లు కారుతున్నాయి’ అని రాశారు. సంజాయిషీ పంపండి.

ఇట్లు,
నేత్రావతి, ఈఆర్పీ విభాగం

తా.క. పుట్టిన తేదీ అడిగితే ‘మా తాత కాలం’ అంటే కంప్యూటర్ ఒప్పుకోదు.

*

నేత్రావతమ్మగారికి మునిశంకర్ దండాలు.

ఈఆర్పీలో రాసేందుకు చోటు చాలక కాగితం పట్టినాను. ముద్ర వెయ్యను గురువమ్మకు వేలు యాడుండాది తల్లీ? ముందు బంగారు గనిలో చేసింది. అది మూతపడినాక మా దగ్గరికొచ్చింది. పొద్దున్నే కడుపునిండా నీళ్లు తాగి, గుప్పుగుప్పున పొగ వదిలితేనే పని మొదలు. కోపమొస్తే ఈల వేస్తుంది. ఇప్పుడు ఒళ్లంతా అతుకులే. ఆమె పడుకుంటే పట్టుగూళ్లు ఉడకవు, ఫ్యాక్టరీకి తాళమే. ఇంగ మేము యాడికి పోయేది? దయచూసి ఆమెకొక తోడు పంపించండమ్మా.

మీ విధేయుడు,
మునిశంకర్

తా.క. శుక్రవారం పసుపు కుంకుమ పెట్టకపోతే ఆ రోజంతా అలుగుతుంది.

*

మునిశంకర్ గారికి,

మీ ఉత్తరం ఆఫీసంతా చదివింది. వేళ్లు లేని ముసలామె చేత పని చేయించడమా? పైగా డ్యూటీలో పొగా? ఈల వెయ్యకూడదన్న రూలు లేదు కాబట్టి అది వదిలేస్తున్నాం. గురువమ్మకు వెంటనే రిటైర్‌మెంట్ ఇచ్చేశాం. సన్మానం ఏర్పాటు చెయ్యండి.

ఇట్లు,
నేత్రావతి

తా.క. శాలువా కోసం ఆమె ఎత్తు, నడుము చుట్టుకొలత పంపండి. అంగుళం తేడా రాకూడదు.

*

అమ్మా నేత్రావతమ్మా,

కొంప మునిగింది. గురువమ్మ మనిషి కాదు, బాయిలరు! ట్రైనింగు ఇచ్చిన సారు ‘ఇక్కడ పనిచేసేవాళ్లందరి పేర్లూ ఎక్కించండి’ అన్నాడు. మావాళ్లు ‘గురువమ్మ కన్నా ఎక్కువ చేసేటోళ్లు ఎవురుండారు సార్? మొదటి పేరు ఆమెదే’ అని పట్టుబట్టినారు. నాకూ న్యాయమే అనిపించింది. ఇప్పుడు ఆమెను తీసేస్తే అందరం రోడ్డున పడతాం. నాకు నిజంగా భయంగా ఉండాది. కావాలంటే నన్ను రిటైర్ చెయ్యండి.

మీ మునిశంకర్

తా.క. పైవాళ్ల మాట కాదనకూడదని కొలతలు పంపుతున్నాను. మా ఇంటి దుప్పట్లన్నీ కలిపి కుట్టినా ఆ నడుముకు చాలవు.

*

మునిశంకరన్నా,

బాగుండావా? పొగ, ఈల అని నువ్వు రాసినప్పుడే నాకు తెలిసిపోయింది. మా నాయన ఆవులప్ప, గనిలో ఆ గురువమ్మకే బొగ్గు వేసి మమ్మల్ని సాకినాడు. ఆ ఈల వింటే నాయన ఇంటికొస్తాడని వాకిట్లో కూర్చునేదాన్ని.

సర్కారు కాలం నుంచీ బాయిలరు మార్చమంటే ‘అతుకు వేసుకోండి’ అనేవాళ్లు కదా. మనిషి రిటైరైతే మాత్రం ఆ చోటు నిండేదాకా ఈఆర్పీ ఊరుకోదు. అందుకే అన్నీ తెలిసే ఆమెకు రిటైర్‌మెంట్ ఇచ్చినాను. పెద్దసారు కంప్యూటర్‌లో ఆ ఖాళీ రోజూ ఎర్రగా వెలుగుతానే ఉంటుంది. విసిగిపోయి ఆయన నన్ను పిలిస్తే, నీ ఉత్తరాలు చదివి వినిపించినాను. కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వి, కొత్త బాయిలరుకు సంతకం పెట్టినాడు. నీ కొలతలు దానికే పనికొచ్చినాయి.

సన్మానానికి నేనూ వస్తా. గురువమ్మను తుక్కు కింద యాడికీ పంపొద్దు.

నీ చెల్లెలు,
నేత్ర

తా.క. కొత్తామెకు పేరు మీరే పెట్టుకోండి. నా పేరు మాత్రం వద్దన్నా. ఆమె అలిగినప్పుడల్లా తిట్లు నాకు తగులుతాయి.